బిడ్డ హోమ్‌స్టేలో, తండ్రి క్యాంపులో: "సర్దుకుపో" అని చెప్పి నేను చేసిన తప్పు



పోయిన ఎపిసోడ్‌లో మా బిడ్డ కెనడా చదువు గురించి కొంచెం మాట్లాడాను. అది విన్నాక మా క్యాంపు మెస్సులోనే నలుగురు ఆపి అడిగారు. "అన్నా, పరాయోళ్ల ఇంట్లో ఆడపిల్లను ఎట్ల ఉంచినవ్? తిండి ఎట్ల? వాళ్లు మంచోళ్లేనా?" అని. ఆ రోజు టైం సరిపోలేదు. అందుకే మిగతాది రాస్తున్నాను.

నేను దోహాలో సైట్ సూపర్‌వైజర్‌ని. ఊరు జగిత్యాల దగ్గర. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చేసి 2005లో గల్ఫ్‌కి వచ్చాను. రూముకి ఆరుగురు, ఎనిమిది మంది ఉన్న చోట ఏళ్లకేళ్లు బతికాను. కొత్త జాగాలో ఎట్ల ఉండాలో నాకు ఒకరు చెప్పాలా అనుకున్నాను. నా తప్పు అక్కడే మొదలైంది.

హోమ్‌స్టే అంటే ఏంది?

అక్కడి కుటుంబం తాము ఉండే ఇంట్లోనే ఒక గదిని చదువుకునే పిల్లలకు ఇస్తుంది. మంచం, టేబుల్, ఇంటర్నెట్ ఇస్తారు. వంటగది, చాలా ఇళ్లలో బాత్రూం కూడా ఇంటివాళ్లతో పంచుకోవాలి. తిండితో ఒక రేటు, తిండి లేకుండా ఒక రేటు. ఇది హాస్టల్ కాదు, చుట్టాలిల్లు అంతకన్నా కాదు. డబ్బులు కడతాం కాబట్టి మనకు హక్కు ఉంటుంది. ఇల్లు వాళ్లది కాబట్టి రూలు వాళ్లది ఉంటుంది.

మా బిడ్డ 2024 సెప్టెంబర్‌లో ఒంటారియో రాష్ట్రంలోని లండన్‌కి వెళ్లింది. ఇంగ్లండ్ లండన్ కాదు, టొరంటో నుంచి కారులో రెండు గంటల దూరంలో ఉండే ఊరు. విడిగా ఇల్లు అద్దెకు తీసుకుందామంటే అక్కడ ఓనర్లు క్రెడిట్ హిస్టరీ, ఉద్యోగం లెటర్, జామీను అడుగుతారు. కొత్తగా దిగిన పిల్ల దగ్గర ఇవేవీ ఉండవు. అందుకే మొదటి నాలుగు నెలలు, చలికాలం మొదలయ్యేదాకా, హోమ్‌స్టే అనుకున్నాం. మూడు పూటల తిండితో నెలకు 1,050 కెనడా డాలర్లు, ఇల్లు చూపించిన ఏజెన్సీకి వేరే ఫీజు.

ఖర్చు మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. స్టడీ పర్మిట్‌కి ఫీజు, టికెట్ కాకుండా ఏడాది బతకడానికి చూపించాల్సిన డబ్బు 2024 జనవరి నుంచి 20,635 డాలర్లు ఉండేది. 2025 సెప్టెంబర్ నుంచి 22,895 చేశారు. ఇది ఒక్క మనిషికి, క్యూబెక్ కాకుండా మిగతా కెనడాకి. హోమ్‌స్టే కిరాయి అందులోంచే పోతుంది. ముందే లెక్క వేసుకోండి.

మొదటి రెండు వారాలు: ఆకలి

మా బిడ్డకు మొదటి కష్టం తిండి. వాళ్లు పెట్టలేదని కాదు. "మూడు పూటలు" అనే మాటను మేము ఒక తీరుగా, వాళ్లు ఒక తీరుగా అర్థం చేసుకున్నాం.

ఆ ఇంట్లో వండి, టేబుల్ మీద పెట్టి, అందరూ కలిసి తినేది రాత్రి భోజనం ఒక్కటే. అది కూడా సాయంత్రం ఆరింటికే. పొద్దున బ్రెడ్డు, గుడ్లు, పాలు ఫ్రిజ్‌లో ఉంటాయి, ఎవరిది వాళ్లు చేసుకోవాలి. మధ్యాహ్నానికి ముందురోజు రాత్రే శాండ్‌విచ్ చేసి డబ్బాలో పెట్టుకోవాలి. ఇంటావిడ మొదటిరోజే "హెల్ప్ యువర్‌సెల్ఫ్" అన్నది. మర్యాదకు అన్నదిలే అనుకుంది మా బిడ్డ. పరాయోళ్ల ఫ్రిజ్ తెరవాలంటే సిగ్గు. ఎవరైనా పిలుస్తారేమో అని చూసింది. ఎవరూ పిలవలేదు.

రాత్రి భోజనంలో "ఇంకొంచెం పెట్టనా?" అంటే "నో, థాంక్స్" అనేది. మన ఇళ్లలో మొదటిసారి వద్దనడం మర్యాద. మూడోసారి అడిగితే గానీ తీసుకోం. అక్కడ ఒకసారి వద్దంటే వద్దనే. మళ్లీ అడిగితే ఇబ్బంది పెట్టినట్టు అనుకుంటారు. అట్లా సగం కడుపుతోనే లేచేది.

నేను డ్యూటీ బస్సు కోసం పొద్దున నాలుగింటికి లేస్తాను. అప్పుడు అక్కడ ముందురోజు రాత్రి తొమ్మిది. అదే మా ఫోన్ టైం. "బాపూ, సరిగ్గా తింటలేను" అన్నది. నేనేమన్నాను? "సర్దుకుపో బిడ్డా. నేను కొత్తగా వచ్చినప్పుడు కుబ్బూస్, పప్పు తిని మూడు నెలలు గడిపిన. వాళ్లను ఏం అడగకు, మంచి పేరు తెచ్చుకో" అన్నాను. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు. సమస్య తీరిందనుకున్నాను.

మూడో వారం: సీలింగ్ మీద మరక

ఒకరోజు ఫోన్ ఎత్తేసరికి ఏడుస్తున్నది. కింద వంటగది సీలింగ్ మీద పళ్లెమంత గోధుమరంగు మరక వచ్చింది. సరిగ్గా పైన ఈమె వాడే బాత్రూం ఉంది.

వీడియోలో చూపించమన్నాను. చూడగానే అర్థమైంది. స్నానం టబ్బులో చేస్తున్నది, కానీ కర్టెన్‌ని టబ్బు బయటికి వేసింది. నీళ్లన్నీ నేల మీదికి. నేల మీద నీళ్లు పడితే జాలీలోకి పోతాయని అనుకుంది. అక్కడి ఇళ్లలో మామూలుగా బాత్రూం నేలకు జాలీ ఉండదు. మన ఇల్లు ఆర్‌సీసీ శ్లాబు, టైల్స్, వాలు, మూలకు జాలీ. బకెట్లతో కడిగినా ఏం కాదు. కెనడాలో ఎక్కువ ఇళ్లు చెక్క ఫ్రేము మీద కడతారు. నేల కింద ప్లైవుడ్డు, దాని కింద చెక్క దూలాలు, ఆ కింద సీలింగ్‌కి జిప్సం బోర్డు. నేల అంచుల్లోంచి దిగిన నీళ్లు నేరుగా బోర్డులోకి పోతాయి. బోర్డు ఉబ్బుతుంది, చెక్కకు బూజు పడుతుంది.

అసలు బాధ కలిగించిన మాట తర్వాత చెప్పింది. టబ్బు పక్కన నేల మెత్తబడ్డట్టు పది రోజుల కిందే చూసిందట. "ఎందుకు చెప్పలేదు బిడ్డా?" అంటే, "నువ్వే కదా ఏం అడగకు అన్నవు. చెప్తే వెళ్లిపొమ్మంటరేమో అని భయమైంది" అన్నది.

నాకు నోట మాట రాలేదు. రోజూ పొద్దున సైట్‌లో పని మొదలుపెట్టే ముందు నేను కుర్రాళ్లకు చెప్పేది ఏంటి? పైపు చెమ్మగిల్లినా, పరంజా కదిలినా అదే షిఫ్టులో చెప్పండి. చెప్పినందుకు ఎవరూ ఏం అనరు, దాచినందుకే అంటారు. ఈ మాట ముక్కూ మొహం తెలియని పిల్లలకు చెప్తాను. కన్నబిడ్డకు మాత్రం నోరు మూసుకో అని చెప్పాను.

క్యాంపులో మాట్లాడకుండా సర్దుకుపోతే బతికిపోతాం. ఆరుగురికీ ఒకే కష్టం ఉంటుంది, ఒకరి ముఖం చూసి ఇంకొకరికి తెలిసిపోతుంది. ఆ ఇంట్లో ఈమె కష్టం ఎవరికీ తెలియదు. ఏమీ అనకపోతే అంతా బాగుందనే అనుకుంటారు.

చెప్పిన తర్వాత ఏమైంది?

ఆ రాత్రే చెప్పమన్నాను. ఫోన్‌లోనే రెండు ముక్కలు ప్రాక్టీస్ చేయించాను: "ఐ మేడ్ ఎ మిస్టేక్. కెన్ వీ టాక్ ఫర్ ఫైవ్ మినిట్స్?" ముందు తప్పు ఒప్పుకోవడం, తర్వాత ఏం జరిగిందో చెప్పడం, చివర "నేను ఏం చేయాలి?" అని అడగడం.

ఇంటావిడకు కోపం వచ్చింది, అది నిజం. "పది రోజుల ముందే చెప్పాల్సింది" అన్నది. వెళ్లిపొమ్మనలేదు. కర్టెన్ టబ్బు లోపలికి ఎట్ల వేయాలో, స్నానం చేశాక ఫ్యాన్ ఎంతసేపు నడపాలో చూపించింది. ఆమె భర్త సీలింగ్ బోర్డు ముక్క కోసి కొత్తది వేశాడు. ఖర్చులో మా వంతు 150 డాలర్లు కట్టాం. పది రోజుల ముందు చెప్పి ఉంటే ఒక తుండుతో పోయేది.

అదే కూర్చోవడంలో తిండి సంగతి కూడా బయటికి వచ్చింది. ఇంటావిడ ఆశ్చర్యపోయిందట. ఈ పిల్లకు తన వంట నచ్చడం లేదని ఇన్ని రోజులూ ఆమె లోపల బాధపడుతున్నదట. ఆ వారమే బియ్యం కొన్నారు. శనివారం మధ్యాహ్నం రెండు గంటలు వంటగది మా బిడ్డకు ఇచ్చారు. మొదటిసారి పోపు పెట్టగానే స్మోక్ అలారం మోగి ఇల్లంతా బయటికి పరుగెత్తింది, అది వేరే కథ.

మొదటి వారంలోనే అడగాల్సినవి

మీ పిల్లలు వెళ్తుంటే ఇవి కాగితం మీద రాసి ఇవ్వండి. సిగ్గుపడకుండా మొదటి వారమే అడగాలి.

1. ఏ పూట వాళ్లు వండుతారు, ఏ పూట మనం చేసుకోవాలి? ఫ్రిజ్‌లో ఏవి ముట్టుకోవద్దు? మనం ఏం తినమో (గొడ్డు మాంసం, పంది మాంసం, గుడ్డు) ఇంటికి వెళ్లకముందే చెప్పాలి.
2. మనం వండుకోవచ్చా, ఏ రోజు? పొయ్యి మీది ఎగ్జాస్ట్ ముందే వేయాలి. నూనె సింకులో పోయొద్దు, గడ్డకట్టి పైపు మూసుకుపోతుంది.
3. స్నానానికి ఎంతసేపు? వేడి నీళ్ల ట్యాంకు ఇంటందరికీ ఒకటే. ఒకరు అరగంట వాడితే తర్వాతివాళ్లకు చన్నీళ్లే.
4. బట్టల మెషీన్ ఏ రోజు వాడుకోవాలి?
5. గది చల్లగా ఉంటే ఎవరికి చెప్పాలి? చాలా ఇళ్లలో ఇల్లు మొత్తానికి ఒకటే థర్మోస్టాట్. దాన్ని మనమే తిప్పొద్దు, అలాగని వణుకుతూ కూర్చోనూ వద్దు.
6. రాత్రి ఎన్ని గంటల తర్వాత ఫోన్ మాట్లాడొద్దు? చెక్క గోడల్లోంచి మాట పక్క గదికి వినిపిస్తుంది. మన టైం వేరు, వాళ్ల నిద్ర వేరు.
7. భోజనానికి రాకపోతే ఎన్ని గంటలకల్లా మెసేజ్ పెట్టాలి? స్నేహితులు రావచ్చా?

గది బేస్‌మెంట్‌లో అయితే సూపర్‌వైజర్‌గా నా మాట: మనిషి బయటికి పోగలిగేంత కిటికీ, పనిచేసే స్మోక్ అలారం ఉన్నాయో లేదో వీడియోలో చూసుకోండి.

కాగితం ఎందుకు ముఖ్యం?

ఒంటారియోలో అద్దెకున్నవాళ్లను కాపాడే చట్టం గట్టిదే. కానీ ఓనర్‌తో గానీ, ఓనర్ కుటుంబంతో గానీ వంటగది లేదా బాత్రూం పంచుకునే ఒప్పందంలో ఉంటే ఆ చట్టం వర్తించదు. బ్రిటిష్ కొలంబియాలో కూడా ఓనర్‌తో అట్లా పంచుకుంటే ఇదే పద్ధతి. అంటే హోమ్‌స్టేలో మనకు ఆసరా మనం రాసుకున్న కాగితమే. నెలకు ఎంత, అందులో ఏమేం కలిసి ఉన్నాయి, డిపాజిట్ ఎంత, ఎప్పుడు తిరిగి ఇస్తారు, ఖాళీ చేయాలంటే రెండు వైపులా ఎన్ని రోజుల ముందు చెప్పాలి. ఇవన్నీ రాతలో లేకుండా డబ్బు పంపొద్దు. ఇల్లు చూడకుండా, కాలేజీ ద్వారా కనుక్కోకుండా ఆన్‌లైన్‌లో ఎవరో అడిగారని అడ్వాన్సు వేయొద్దు.

"మా పిల్లల్ని చూసుకుంటే కిరాయి తగ్గిస్తాం" అనేవాళ్లు ఉంటారు. అది హోమ్‌స్టే కాదు, పని. క్లాసులు జరిగే రోజుల్లో కాలేజీ బయట పని వారానికి 24 గంటలు దాటకూడదనే రూలు 2024 నవంబర్ నుంచి ఉంది. చదువు కోసం పంపి, పర్మిట్ మీదికి తెచ్చుకోవద్దు.

ఎక్కడ సర్దుకోవద్దు?

ఉప్పు తక్కువైతే సర్దుకోవచ్చు. చెప్పినా తిండి పెట్టకపోతే సర్దుకోవద్దు. పాస్‌పోర్ట్ దాచిపెడతాం అంటే ఇవ్వొద్దు. అడగకుండా గదిలోకి వస్తే, మీద చేయి వేస్తే, ఇబ్బందిగా మాట్లాడితే ఆ రాత్రే బయటికి రావాలి. డబ్బు పోతే పోనీ. ప్రమాదం అయితే 911. ఎవరిని అడగాలో తెలియకపోతే 211కి ఫోన్ చేస్తే సాయం దొరికే చోటు చెప్తారు. కాలేజీలో విదేశీ విద్యార్థుల ఆఫీసు నంబర్ మొదటి రోజే ఫోన్‌లో వేసుకోవాలి. మీరు కూడా ఒక కాపీ ఉంచుకోండి.

నాలాంటి తండ్రులకు

మనం పడ్డ కష్టాన్ని పిల్లల కష్టంతో పోల్చొద్దు. "నేను ఎంత పడ్డానో" అని మనం మొదలుపెడితే వాళ్లు చెప్పడం ఆపేస్తారు. నాకు పది రోజుల్లో తెలిసింది కాబట్టి 150 డాలర్లతో పోయింది.

మా బిడ్డ నాలుగు నెలలనుకున్నది ఎనిమిది నెలలు అక్కడే ఉండి, తర్వాత స్నేహితురాళ్లతో కలిసి ఇల్లు తీసుకుంది. మొన్న పండక్కి ఇంటావిడను పిలిచి పులిహోర పెట్టిందట. ఇప్పటికీ పొద్దున నాలుగింటికి ఫోన్ చేస్తాను. మునుపు "అంతా బాగేనా?" అని అడిగేవాణ్ని. బాగే అనేది, పెట్టేసేవాణ్ని. ఇప్పుడు "ఇయ్యాల ఏం ఇబ్బంది వచ్చింది, ఎవరికి చెప్పినవ్?" అని అడుగుతున్నాను.