చెవికి సరిపడిన నాదము

కంటికి రెప్ప కలదు. చెవికి రెప్ప లేదు. చూడదలచనిదానిని కన్ను మూసి తప్పించుకొనవచ్చును గాని, వినదలచనిదానిని తప్పించుకొనుట చెవికి సాధ్యము కాదు. నిద్రలో సైతము కావలి కాయు ఇంద్రియమది. అట్టి చెవి వాకిటనే నేడొక చిన్న యంత్రము చేరి కూర్చున్నది. అమలాపురము బస్సుస్టాండులో నిలిచియున్న కళాశాల విద్యార్థి చెవిలోను, కొత్తపేటనుండి దినదినము వచ్చిపోవు ఉపాధ్యాయుని చెవిలోను ఇయర్‌ఫోను కనబడుట సామాన్యమైనది. పాటయు, పాఠమును, ప్రసంగమును దాని ద్వారముననే లోనికి పోవుచున్నవి. ఇట్టి పరికరపు మంచిచెడ్డలను నిర్ణయించుట యెట్లు? వెలను చూచియా, పేరును చూచియా, లేక చెవిని అడిగియా?

గౌతమీ వసిష్ఠల నడుమ సముద్రమువరకు వ్యాపించిన కోనసీమకు చెవి విలువ క్రొత్తగా చెప్పవలసినది కాదు. వేదమునకు శ్రుతి యని పేరు. గురువు పలుకగా శిష్యుడు విని, తిరిగి పలికి, ఉదాత్తానుదాత్తస్వరితములను పొల్లుపోకుండ నిలుపుకొను అధ్యయనము ఈ సీమ అగ్రహారములలో తరతరములుగా సాగినది. ఇచ్చటి వేదపండితుల జీవితములను గూర్చి అమెరికా దేశీయుడైన డేవిడ్ నైప్ 'వేదిక్ వాయిసెస్' అను గ్రంథమును 2015లో ప్రకటించెను. సంగీతమునందును ఈ నేలకు లోటు లేదు. రాజోలు ప్రాంతములోని శంకరగుప్తమున 1930 జూలై 6వ తేదీన మంగళంపల్లి బాలమురళీకృష్ణగారు జన్మించిరి. పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యులై, గాత్రమునందేగాక వయోలా, మృదంగము, కంజీరలయందును ప్రజ్ఞ చూపిరి. 2016 నవంబరు 22న వారు చెన్నైలో దివంగతులైరి. కంఠము మాత్రము ధ్వనిముద్రికలలో నిలిచినది. మంద్రమున గంభీరముగ దిగి, తారస్థాయికి సునాయాసముగ ఎగయు ఆ కంఠమును ఏ యంత్రము ఉన్నదున్నట్లు వినిపించునో అదియే మేలైనదని ఈ సీమవారు పరీక్ష పెట్టుకొన్నచో, అంతకంటె తగిన గీటురాయి వేరొకటి యుండదు.

తలమీదుగా ధరించు హెడ్‌ఫోను పాతది. అమెరికాలో నెథానియల్ బాల్డ్విన్ 1910లో తయారుచేసిన హెడ్‌ఫోనులను ఆ దేశపు నౌకాదళము కొన్నది. 1979లో సోనీ సంస్థ వాక్‌మన్‌ను విడుదల చేసిన పిమ్మట, నడచుచు పాట వినుట లోకమునకు అలవాటయ్యెను. చెవి నాళమును మూసికొని లోపల నిలుచు ఇయర్‌ఫోనులకు 1991లో ఎటిమోటిక్ సంస్థ తెచ్చిన పరికరము మార్గదర్శక మయ్యెను. నేడు వీనిలో ముఖ్యముగ రెండు రకముల నాదయంత్రములు కలవు. తీగచుట్టతో పలుచని పొరను కదలించునది మొదటిది. దీనిని డైనమిక్ రకమందురు. వినికిడి యంత్రములనుండి వచ్చిన బాలెన్స్‌డ్ ఆర్మేచర్ రెండవది. సాధారణముగ మొదటిది మంద్రమున నిండుగను, రెండవది స్పష్టతయందు నిశితముగను ఉండునని ప్రతీతి. ఐనను రకమును బట్టియే తీర్పు చెప్పరాదు. కూర్పులోని నేర్పును బట్టి చెప్పవలెను.

అసలు రహస్యము యంత్రమునందు సగము, చెవియందు సగము ఉన్నది. పెద్దవారి చెవి నాళము పొడవు సుమారు 25 మిల్లీమీటర్లు. ఒక ప్రక్క కర్ణభేరితో మూయబడిన ఈ గొట్టము, పిల్లనగ్రోవివలె తనకు ఇష్టమైన స్వరమును పెంచి వినిపించును. సెకనుకు దాదాపు 3,000 కంపనములు గల నాదములు అట్లు బలపడును. మాట స్పష్టమగుటకు కావలసిన నాదములలో పెక్కు అచ్చటనే కలవు. ఇయర్‌ఫోను నాళమును మూసినంతనే ఈ సహజమైన అమరిక చెదరును. పోయినదానిని కృత్రిమముగ తిరిగి కూర్చుటయే తయారీదారుని విద్య. అంతేకాక, తొడుగునకును చెవి గోడకును నడుమ వెండ్రుకవాసి సందు మిగిలినను మంద్రస్వరములు జారిపోవును. ఖరీదైన పరికరమైనను అప్పుడు డొల్లగా పలుకును. తొడుగు మార్చినంతనే అదే పరికరము నిండుగ పలుకును. ఒకరికి అమృతప్రాయమైనది వేరొకరికి రేకుడబ్బావలె తోచుటకు ఇదియే ముఖ్యకారణము.

కావున రెండు ఇయర్‌ఫోనులను పోల్చువారు తొలుత తొడుగులను సరిచూచుకొనవలెను. పిమ్మట రెండింటి ధ్వనిని సమానము చేయవలెను. కొంచెము బిగ్గరగ పలుకునదే మంచిదని మనస్సు భ్రమించును. ఆపై మూడు పరీక్షలు చాలును. తంబురా నాదమును వినవలెను: నాలుగు తంత్రులనుండి పుట్టు అనుస్వరములు తేనెటీగల ఝంకారమువలె చుట్టుముట్టవలెనే గాని ముద్దగ వినబడరాదు. మృదంగమును వినవలెను: ఎడమ మూతమీది గుమికి నిండుగ మ్రోగి వెంటనే తొలగవలెను, గాయకుని సాహిత్యమును కప్పివేయరాదు. చివరకు మాటను వినవలెను: శ, ష, స లకు భేదము తెలియవలెను, అట్లని సకారము చెవిని గుచ్చరాదు. మంద్రమును అతిగ పెంచిన పరికరములు సినిమా పాటకు మొదట హుషారు నిచ్చును గాని, పాఠము వినువేళ హల్లులను మసకబార్చును. విద్యార్థి కొనవలసినది పాఠమును స్పష్టముగ వినిపించు దానిని.

సుఖమును గూర్చిన విచారము నాదవిచారమునకు తీసిపోదు. ఒక్క మనిషికే కుడిచెవియు ఎడమచెవియు సరిసమానముగ ఉండక పోవచ్చును. రెండు చెవులకు రెండు కొలతల తొడుగులు వాడుట దోషము కాదు. సిలికాన్ తొడుగు కడిగిన శుభ్రపడును, చిరకాలము మన్నును. ఫోము తొడుగు నలిపి పెట్టగా చెవిలో విప్పారి మెత్తగ అమరును, బయటి రొదను చక్కగ ఆపును. కాని చెమటను పీల్చి త్వరగ చెడును. సముద్రపుగాలిలో తేమ విడువని కోనసీమ వేసవిలో ఈ భేదము ముఖ్యమైనది. చెవులు రెండును మూసికొని పాటతో గొంతు కలిపినచో స్వంత కంఠము తలలో గుమ్మని మ్రోగును; శ్రుతి తప్పినది తెలియదు. సంగీతము నేర్చువారు ఒక చెవిని తెరచియుంచుట మేలు. తీగలేని పరికరములు నడకకు అనుకూలములే గాని వాని చిన్న బ్యాటరీలు ఏండ్లు గడచినకొలది నీరసించును. తీగ గలది చవుక. చార్జింగు బెంగ లేనిది. ఐతే తీగ బట్టకు రాచుకొన్నప్పుడెల్ల చెవిలో చప్పుడగును.

ఈ పోలికలన్నింటికంటె పెద్ద సంగతి యొకటి కలదు. బస్సు ఇంజను హోరు మంద్రస్వరములను మ్రింగివేయును. చెవికి సరిగ అమరని ఇయర్‌ఫోను ధరించినవాడు ఆ హోరును మించవలెనని ధ్వనిని పెంచుచు పోవును. ధ్వని 3 డెసిబెల్లులు పెరిగినచో దాని శక్తి రెట్టింపగును. నిరపాయముగ వినదగిన కాలము సగమగును. 80 డెసిబెల్లుల వద్ద వారమునకు 40 గంటలు వినవచ్చును. 90 వద్ద 4 గంటలు మాత్రమే. లోకమున నూరు కోట్లకు పైగా యువజనులు ఈ అలవాటు వలన వినికిడి కోల్పోవు ప్రమాదమున ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించినది. ఒక్కొక్క లోచెవిలో సుమారు 15 వేల సూక్ష్మకేశకణములు ఉండును. చచ్చిన కణము మరల మొలవదు. తొలుత తగ్గునది హెచ్చుస్థాయి నాదముల వినికిడి. అనగా తంబురాలోని తళుకు, మాటలోని హల్లు. తరగతిలో మాట వినబడుచున్నను అర్థముకాని విద్యార్థిని ఉపాధ్యాయుడు పరధ్యాసగలవాడని నిందించును. దోషము శ్రద్ధయందు గాక చెవియందు ఉండవచ్చును.

ఈ దృష్టితో చూడగా, చెవికి చక్కగ అమరిన ఇయర్‌ఫోను విలాసవస్తువు కాదు, రక్షణ సాధనము. బయటి రొద తగ్గినకొలది లోపలి ధ్వనిని పెంచవలసిన పని తగ్గును. రొదను తనంతట అణచు పరికరములు ఇంజను హోరువంటి ఎడతెగని మంద్రధ్వనిపై బాగుగ పనిచేయును. ఐనను రక్షణయే అపాయము కాగల చోటు కలదు. అమలాపురము, రాజోలుల మీదుగా పోవు 216వ నెంబరు జాతీయ రహదారిని చెవులు మూసికొని దాటువానికి వెనుకనుండి వచ్చు లారీ హారను వినబడదు. రోడ్డుమీద ఇయర్‌ఫోను జేబులో ఉండవలెను.

ఫోనులోని ధ్వనిని నూటికి అరువది పాళ్లకు మించనీయకుండుట, గంటకొకసారి చెవికి విరామమిచ్చుట, తొడుగులను శుభ్రముగ నుంచి ఇతరులతో మార్చుకొనకుండుట: ఈ మూడు నియమములకు కాసు ఖర్చు లేదు. పాడైన ఇయర్‌ఫోనుకు బదులు మరియొకటి అంగడిలో దొరకును. చెవికి మాత్రము ఏ అంగడిలోను బదులు లేదు. తక్కువ ధ్వనిలోనే తృప్తి కలిగించి, ధరించిన సంగతినే మరపింపజేసి, పాటను మాత్రము మనస్సున నిలుపునది ఏదో, వెల యెంతయైనను అదియే మేలైన ఇయర్‌ఫోను.