కడుపులోనే ఊపిరి కసరత్తు

బిడ్డ నేలమీద పడి కేరుమన్నప్పుడే మొదటి ఊపిరి తీస్తుందని అందరూ అనుకుంటారు. గాలి పీల్చడం మొదలయ్యేది అప్పుడే. ఊపిరి తీసే పని మాత్రం తల్లికి మూడో నెల ఉండగానే మొదలవుతుంది. చుట్టూ ఉమ్మనీరే తప్ప గాలి లేని చోట బిడ్డ ఛాతీ ఆడుతుంటుంది. తల్లికి తెలిసేలా కాళ్లూ చేతులూ విదిలించడం వేరు, ఇది వేరు. ఈ ఆట తల్లికి తెలియదు.

గర్భిణి పొట్ట మీద కనిపించే సన్నని అదురు బిడ్డ ఊపిరిదేనని జర్మనీ వైద్యుడు ఆల్‌ఫెల్డ్ 1888లోనే చెప్పాడు. చాలామంది నమ్మలేదు. 1970 తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో డాస్ అనే శాస్త్రజ్ఞుడి బృందం గొర్రె కడుపులోని పిల్లలను పరిశీలించి ఇది నిజమేనని చూపింది. స్కానింగ్ యంత్రాలు వచ్చాక మనుషుల్లోనూ కంటికి కనబడింది. చివరి మూడు నెలల్లో రోజు మొత్తంలో మూడో వంతు కాలం బిడ్డ ఈ కసరత్తులోనే ఉంటుంది.

గాలి లేనప్పుడు ఈ శ్రమ ఎందుకు? జవాబు ఊపిరితిత్తి అనే మాటలోనే ఉంది. కమ్మరి కొలిమి దగ్గర తిత్తిని వాడకుండా మూల పడేస్తే అది ముడుచుకుపోతుంది. బిడ్డ ఊపిరితిత్తులు కూడా అంతే. అవి తమలో తామే ఒక ద్రవాన్ని ఊరించుకుంటాయి. ఛాతీ కదలికల వల్ల ఆ ద్రవం బయటికి జారిపోకుండా లోపల నిలుస్తుంది. తిత్తి సాగి ఉంటుంది. సాగితేనే అందులోని కణాలు పెరుగుతాయి.

మరి తల్లిదండ్రుల నుంచి వచ్చే జన్యువుల సంగతేమిటి? ప్లాను గీసేవి అవే. నాలుగో వారంలో ఆహారనాళం కాబోయే గొట్టం మీద చిన్న మొగ్గ పుడుతుంది. అది రెండుగా చీలుతుంది. ఒక్కొక్కటీ మళ్లీ రెండు. ఇలా ఇరవైకి పైగా చీలికలతో చెట్టును తలకిందులు చేసినట్టు తయారవుతుంది. ఏ కొమ్మ ఎటు పోవాలో జన్యువులు చెబుతాయి. ఎఫ్‌జీఎఫ్-10 అనే ఒక్క జన్యువు లేకుండా జపాన్ శాస్త్రజ్ఞులు 1999లో ఎలుకలను పుట్టించారు. వాటికి గాలిగొట్టం ఏర్పడింది గానీ ఊపిరితిత్తులే లేవు. పుట్టగానే చచ్చిపోయాయి.

ఇందుకు ఎదురు నిదర్శనమూ ఉంది. ఛాతీని ఆడించే కండరాలు ఏర్పడని ఎలుక పిల్లల్లో ఊపిరితిత్తుల ప్లాను సరిగానే ఉంది. కదలిక లేక అవి చిన్నవిగా మిగిలిపోయాయి. ఆ పిల్లలూ బతకలేదు. చైనా శాస్త్రజ్ఞులు 2018లో మరో సంగతి బయటపెట్టారు. ఎలుకల్లో ఊపిరి కదలికల వల్ల కలిగే ఒత్తిడికి కొన్ని కణాలు రొట్టెలా పలచబడి, రక్తంలోకి గాలిని పంపే కణాలవుతాయి. ఆ ఒత్తిడి నుంచి తప్పించుకున్నవి గుండ్రంగా ఉండి, లోపలి తిత్తులు అతుక్కుపోకుండా సబ్బునురుగు లాంటి పూత తయారుచేస్తాయి. కాబట్టి బిడ్డకు ఊపిరి అందకపోతే ‘వాళ్ల వంశంలోనే ఉంది’ అని కోడలి పుట్టింటివాళ్లను ఆడిపోసుకోవడం న్యాయం కాదు.

నెలలు నిండని కాన్పుల్లో ఆయువుపట్టు ఈ పూతే. ఆరో నెలలో ఊరడం మొదలై, సుమారు 35 వారాలకు గానీ చాలినంత కాదు. ఇది లేకనే ఆ బిడ్డలు ఊపిరికి కొట్టుకుంటున్నారని 1959లో అమెరికాలో ఏవరీ, మీడ్ అనే ఇద్దరు తేల్చారు. 1963లో అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ కొడుకు అయిదున్నర వారాలు ముందుగా పుట్టి, రెండు రోజులు తిరక్కుండానే ఈ జబ్బుతో పోయాడు. అంత అధికారం ఉన్న ఇంట్లోనూ అప్పటికి మందు లేదు.

తర్వాత మందు వచ్చింది. 1972లో న్యూజీలాండ్‌లో లిగ్గిన్స్, హౌవీ తల్లికి స్టెరాయిడ్ సూది వేసి, లోపలి బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వానికి వస్తాయని చూపారు. మన దేశంలో 2014 నాటి కేంద్ర ప్రభుత్వ సూచనల ప్రకారం 24 నుంచి 34 వారాల మధ్య నొప్పులు వస్తే డెక్సామెథసోన్ 6 మిల్లీగ్రాముల సూదులు 12 గంటలకొకటి చొప్పున నాలుగు వేయాలి. పెద్దాసుపత్రికి పంపేముందు మొదటి సూదిని ఊళ్లో నర్సమ్మే వేయవచ్చు. అయితే ఎందుకైనా మంచిదని ఎవరికి పడితే వారికి వేసే సూది కాదిది.

పల్లెల్లో ఎక్కువగా అశ్రద్ధ చేసేది ఉమ్మనీటిని. అయిదారు నెలలకే నీరు కారుతుంటే ‘మూత్రమేలే’ అని ఊరుకుంటారు. నీరు పోతే గర్భసంచి బిడ్డ ఛాతీని నొక్కుతుంది. ఊపిరితిత్తుల్లోని ద్రవమూ జారిపోతుంది. తిత్తి ఎదగదు. నీరు కారినట్టు అనుమానం వస్తే ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి.

రెండోది పొగాకు. గర్భిణి సిగరెట్టు కాలిస్తే బిడ్డ ఊపిరి కదలికలు కాసేపు తగ్గుతాయని పరీక్షల్లో తేలింది. చుట్టలో ఉన్నదీ అదే నికోటిన్. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో నిప్పును నోట్లో పెట్టుకుని పీల్చే అడ్డపొగ ఇప్పటికీ కొందరు ఆడవాళ్లకు అలవాటు. అడ్డపొగతో నోటి క్యాన్సర్ వస్తుందని చాలామంది విన్నారు. కడుపులో బిడ్డ కసరత్తు తగ్గవచ్చని విన్నవాళ్లు తక్కువ.

స్కానింగులో అరగంట సేపు చూసి, బిడ్డ ఒక్కసారైనా అర నిమిషం పాటు ఊపిరి కదలికలు చూపితే వైద్యులు రెండు మార్కులు వేస్తారు. బిడ్డ గాఢ నిద్రలో ఉంటే అవి కనబడకపోవచ్చు. నొప్పులు మొదలయ్యే ముందు రెండు మూడు రోజులూ తగ్గుతాయి. అందుకే ఈ ఒక్క పరీక్షతో తేల్చకుండా బిడ్డ కదలికలు, గుండె చప్పుడు, ఉమ్మనీరు కూడా కలిపి చూస్తారు.