బేగంపేట ఏ బేగందో వంశవృక్షం చెబుతుంది

అమీర్‌పేటలో గ్రూప్స్‌కు చదివే పిల్లలకు తెలంగాణ చరిత్ర చెబుతాను. అసఫ్‌జాహీల పాఠం వచ్చిందంటే పాయ్‌గాల దగ్గర తరగతి మొత్తం తికమకపడుతుంది. "మేడమ్, ఈ షంసుల్ ఉమ్రా చచ్చిపోయాడన్నారు కదా, మళ్లీ ఎలా వచ్చాడు?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఆ ఇంట్లో తండ్రి బిరుదు కొడుక్కి, అన్న బిరుదు తమ్ముడికి వచ్చేది. బిరుదులు పట్టుకుని చదివితే నూరేళ్లు బతికిన మనిషొకడు కనిపిస్తాడు. అందుకే బోర్డు మీద వంశవృక్షం గీస్తాను. ఒక్కో మనిషికీ సొంత పేరు కింద, బిరుదు పక్కన.

పాయ్‌గాలు నిజాం తర్వాత నిజాం అంతటివాళ్లు. నిజాం సొంత సైన్యాన్ని పోషించడానికి వాళ్లకు జాగీర్లు ఇచ్చారు. ఖలీఫా ఉమర్ సంతతి మాదని ఆ ఇంటివాళ్లు చెప్పుకునేవారు. హైదరాబాదులో మాత్రం కథ అబుల్ ఫతే ఖాన్ తేగ్ జంగ్‌తో మొదలవుతుంది. రెండో నిజాం అలీఖాన్ ఆయనకు షంసుల్ ఉమ్రా అనే బిరుదు ఇచ్చాడు. ఆయన కొడుకు ఫక్రుద్దీన్ ఖాన్. ఈ మనిషంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. 1834లో బడి పెట్టాడు, లితో ప్రెస్ పెట్టాడు, యూరప్ సైన్సు పుస్తకాలను ఉర్దూలోకి అనువాదం చేయించి అచ్చు వేయించాడు. అమీర్-ఎ-కబీర్ అన్న బిరుదూ ఆయనదే. ఆయన తర్వాత కొడుకులు రఫీయుద్దీన్, రషీదుద్దీన్ ఒకరి వెనక ఒకరు అవే బిరుదులు మోశారు.

ఇక బేగంపేట సంగతి. అమీర్‌పేటలో మెట్రో ఎక్కితే బ్లూ లైనులో తర్వాతి స్టేషన్ అదే. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కూతురు బషీరున్నిసా బేగం, రెండో పాయ్‌గా అమీరును పెళ్లాడినప్పుడు కట్నంగా వచ్చిన ఊరని చాలాచోట్ల రాసి ఉంటుంది. పిల్లలు అదే బట్టీ పడతారు. వృక్షంలో తేదీలు పెట్టి చూడమంటాను. రెండో అమీరు అంటే ఫక్రుద్దీన్ ఖాన్. ఆయన 1863లో పోయాడు. మహబూబ్ అలీఖాన్ పుట్టిందే 1866లో. పుట్టని తండ్రికి కూతురెక్కడిది? ఫక్రుద్దీన్ పెళ్లాడిన బషీరున్నిసా రెండో నిజాం కూతురు, మూడో నిజాం సికందర్ జా తోబుట్టువు. ఒక్క అంకె మార్చేసరికి ఆ బేగం నాలుగు తరాలు కిందికి జారిపోయింది. మగవాళ్ల బిరుదులకు ఎన్ని పేజీలైనా కేటాయించిన చరిత్రకారులు ఆమె తండ్రెవరో సరిచూసుకోలేదే అని నాకు బాధ.

ఎందుకంటే ఆ ఇంటి హోదా అంతా ఆ కోడళ్ల మీదే నిలిచింది. రషీదుద్దీన్ కొడుకులు ఖుర్షీద్ జా, వికారుల్ ఉమ్రా, వాళ్ల తండ్రి సోదరుడి కొడుకు ఆస్మాన్ జా ముగ్గురూ అయిదో నిజాం అఫ్జలుద్దౌలా కూతుళ్లనే చేసుకున్నారు. అంటే ముగ్గురూ ఆరో నిజాంకు బావలు! ఆస్మాన్ జా 1887లో దివాన్ అయ్యాడు. ఆయన తర్వాత ఆ పదవి 1901 దాకా వికారుల్ ఉమ్రాది. 1884లో ఫలక్‌నుమా ప్యాలెస్ మొదలుపెట్టిందీ ఆయనే. ఈ ముగ్గురితోనే పాయ్‌గా మూడు శాఖలైంది. వికారాబాద్, శంషాబాద్, బషీర్‌బాగ్ అన్నీ ఆ బిరుదుల నుంచి వచ్చినవే. ఆస్మాన్ జా మరో బిరుదు బషీరుద్దౌలా.

జర్మనీలో కూడా ఇలాంటి ఇళ్లున్నాయి. 1806లో చిన్న చిన్న సంస్థానాలను పెద్ద రాజ్యాల్లో కలిపేశారు. హోహెన్‌లోహె, థుర్న్ ఉండ్ టాక్సిస్ వంటి కుటుంబాలకు రాజ్యాధికారం పోయినా, రాజవంశాలతో సమానంగా వియ్యమందే హోదా మిగిలింది. గోథా పట్టణంలో 1763 నుంచి 1944 దాకా వెలువడిన వంశావళి పంచాంగం వాళ్లకు ప్రత్యేకంగా ఒక భాగమే కేటాయించింది. ఏ ఇంటి పిల్ల ఏ ఇంటికి వెళ్లిందో అందులో తేదీలతో సహా ఉంటుంది. పాయ్‌గాలకు అలాంటి పుస్తకం ఏటేటా వచ్చి ఉంటే బేగంపేట తప్పు ఇన్నాళ్లు బతికేది కాదు.

ఇంకో తికమక పంజాగుట్టలో ఉంది. ఎర్రమంజిల్ ప్యాలెస్ ఫక్రుద్దీన్‌దని కొందరు రాస్తారు. కాదు. అది వేరే ఇంటి నవాబు ఫక్రుల్ ముల్క్‌ది. పేర్లలో పోలికే తప్ప పాయ్‌గా శాఖ కాదు. దాన్ని కూల్చి అసెంబ్లీ కట్టాలన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. ఆ రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి. ఆ తర్వాత వంశవృక్షం దర్బారు నుంచి కోర్టుకు చేరింది. ఖుర్షీద్ జా పాయ్‌గా ఆస్తుల పంపకం కోసం ఆ కుటుంబపు మహిళ వేసిన దావా 1958 నాటిది. 1963లో ప్రాథమిక డిక్రీ వచ్చినా, మియాపూర్ దారిలో ఉన్న హైదర్‌నగర్ భూముల మీద తగాదాలు దశాబ్దాలపాటు సుప్రీంకోర్టు దాకా నడిచాయి. ముస్లిం వారసత్వ చట్టంలో కొడుకు వాటాలో సగం కూతురిది. పిల్లలున్న భార్యకు ఎనిమిదో వంతు. వారసుడు చనిపోతే అతని వాటా మళ్లీ ముక్కలవుతుంది. మధ్యలో ఒక కూతురి పేరు జారిపోయినా మిగతా అంకెలన్నీ తప్పుతాయి. దర్బారు చరిత్రల్లో పేరు లేని ఆడవాళ్లు ఈ దావా కాగితాల్లో మాత్రం తండ్రి పేరుతో, వాటాతో సహా ఉన్నారు.