కార్డు నుంచి టైమ్‌లైన్ దాకా: కెమెరా ఫైళ్లు, కోడెక్‌లు

వీడియో కెమెరా కార్డు మీద రాసే ఫైలుకు రెండు పొరలు ఉంటాయి. పైది కంటైనర్. ఫైలు పేరు చివర కనిపించే ఎంపీ4, ఎంఓవీ, ఎంటీఎస్, ఎంఎక్స్‌ఎఫ్ దాని గుర్తులే. లోపలిది కోడెక్, అంటే దృశ్యాన్ని కుదించి రాసిన పద్ధతి. టిఫిన్ క్యారియర్‌ను బయటి నుంచి చూసి గిన్నెల్లో ఏముందో చెప్పలేనట్టే, ఎంపీ4 అన్న పేరు చూసి లోపల హెచ్.264 ఉందో హెచ్.265 ఉందో చెప్పలేం. బొమ్మతో పాటు ధ్వని, టైమ్‌కోడ్ కూడా కంటైనర్‌లోనే విడివిడిగా ఉంటాయి. సాఫ్ట్‌వేర్‌కు కంటైనర్ తెలిసి కోడెక్ తెలియకపోతే, ధ్వని వినిపిస్తుంది కానీ తెర నల్లగా ఉండిపోతుంది. ఒకే రకం ఎంపీ4 ఫైళ్లలో ఒకటి తెరుచుకుని మరొకటి మొండికేయడానికి ఇదే కారణం.

కుదించకుండా రాయడం చిన్న కెమెరాల వల్ల కాదు. ఒక హెచ్‌డీ ఫ్రేములో 1920 అడ్డం, 1080 నిలువు, మొత్తం 20,73,600 చుక్కలు ఉంటాయి. ఒక్కో చుక్కకు మూడు బైట్ల చొప్పున, సెకనుకు 25 ఫ్రేములు రాస్తే సెకనుకు దాదాపు 155 మెగాబైట్లు అవుతుంది. గంటకు 560 గిగాబైట్లు. సోనీ, పానాసోనిక్ కలిసి 2006లో తెచ్చిన ఏవీసీహెచ్‌డీ అదే దృశ్యాన్ని సెకనుకు 24 మెగాబిట్లలో, అంటే 3 మెగాబైట్లలో ఇమిడ్చింది. యాభై వంతుల్లో ఒక వంతు మిగిలిందన్నమాట. ఇది హెచ్.264 అనే ప్రమాణం చలవ. 2003లో ఖరారైన ఆ పద్ధతికి తర్వాతి మెట్టు 2013 నాటి హెచ్.265.

ఇంత తగ్గింపు ప్రధానంగా రెండు చోట్ల వస్తుంది. మనిషి కన్ను వెలుగులోని తేడాలను పట్టినంత సూక్ష్మంగా రంగులోని తేడాలను పట్టలేదు. అందుకని 4:2:0 అనే పద్ధతిలో వెలుగును పూర్తిగా రాసి, రంగును నాలుగు చుక్కలకు ఒకసారి మాత్రమే రాస్తారు. రెండోది కాలానికి సంబంధించినది. అర సెకనుకు ఒకటి చొప్పున పూర్తి ఫ్రేము రాసి, మధ్యలో వచ్చేవాటిలో మార్పులను మాత్రమే నమోదు చేస్తారు. బొమ్మను చిన్న చిన్న గడులుగా విడగొట్టి, ఒక్కో గడి ముందు ఫ్రేములో ఎక్కడుందో వెతికి, అది జరిగిన దూరాన్ని రాసుకుంటారు. కొన్ని ఫ్రేములైతే తమ తర్వాత వచ్చే ఫ్రేముల మీద కూడా ఆధారపడతాయి.

ఈ రెండు పొదుపులకూ భీమునిపట్నం (భీమిలి) తీరం గట్టి పరీక్ష పెడుతుంది. విశాఖ నుంచి భీమిలి దాకా సాగే బీచ్ రోడ్డు సినిమా యూనిట్లకూ, పెళ్లికి ముందు జంటలను చిత్రించేవారికీ ఇష్టమైన చోటు. అక్కడి సముద్రమే కోడెక్‌కు కష్టమైన దృశ్యం. అల విరిగినప్పుడు లేచే నురగలో ఈ ఫ్రేములో ఉన్న గడి వచ్చే ఫ్రేములో ఎక్కడా దొరకదు. ప్రతిదీ కొత్తగా రాయాల్సిందే, కానీ కేటాయించిన మెగాబిట్లు అందుకు చాలవు. దాంతో నురగ గడులు గడులుగా కనిపిస్తుంది. జంట మీదికి కెమెరా నెమ్మదిగా జరిగినప్పుడు చక్కగా ఉన్న బొమ్మ, నీటి వైపు తిరగగానే చెదిరినట్టు అనిపించేది ఇందుకే.

అదే తీరంలోని ఎర్రమట్టి దిబ్బల దగ్గర చిక్కు రంగుది. ప్రస్తుత హెచ్‌డీ ప్రమాణంలో వెలుగును లెక్కకట్టేటప్పుడు ఎరుపు వాటా సుమారు 21 శాతం, ఆకుపచ్చది 72 శాతం. గాఢమైన ఎరుపులో ఉండే వివరం చాలావరకు రంగు భాగంలోకే వెళుతుంది. అది నాలుగో వంతే నమోదవుతుంది. దిబ్బల ముందు ఎర్ర పట్టుచీర కట్టుకుని నిలబడిన పెళ్లికూతురి కొంగు అంచు మెట్లు మెట్లుగా కనిపిస్తే అది లెన్సు లోపం కాదు. 4:2:2లో రాసే కెమెరా అయితే అడ్డంగా సగం రంగు దక్కుతుంది, తేడా కంటికి తెలుస్తుంది.

మూడో పరీక్ష తెల్లవారుజామున. తూర్పు తీరం కాబట్టి భీమిలిలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. నారింజ నుంచి నీలం దాకా మెల్లగా మారే ఆ ఆకాశాన్ని 8 బిట్ కెమెరా ఒక్కో రంగుకు 256 మెట్లలో రాస్తుంది. 10 బిట్ అయితే 1024 మెట్లు. మెట్లు తక్కువైనచోట రంగులు సరిదిద్దగానే ఆకాశం పట్టీలు పట్టీలుగా విడిపోతుంది. ఎస్-లాగ్ వంటి వెలిసినట్టు కనిపించే చిత్రణకు 8 బిట్ ఎంచుకోవడం ఈ కారణంగానే ప్రమాదం.

ఫిల్ము రోజుల్లో కోత వేరుగా ఉండేది. 1978లో వచ్చిన ‘మరోచరిత్ర’ను కె. బాలచందర్ విశాఖ, భీమిలి పరిసరాల్లో నలుపు తెలుపు ఫిల్ము మీద తీశారు. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అడుగుకు 16 ఫ్రేములు, సెకనుకు 24, నిమిషానికి 90 అడుగులు. ప్రతి ఫ్రేమూ దానికదే పూర్తి బొమ్మ కాబట్టి మూవియోలా అనే ఎడిటింగ్ యంత్రం మీద ఎక్కడ కావాలంటే అక్కడ కోయవచ్చు. డిజిటల్ ఎడిటర్‌కు ఆ వెసులుబాటు దానంతటదే రాదు. హెచ్.264 ఫైలులో మధ్య ఫ్రేము చూపాలంటే కంప్యూటర్ వెనక ఉన్న పూర్తి ఫ్రేము దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచి వరసగా విప్పుకుంటూ రావాలి. వెనక్కి నడిపిస్తే పని ఇంకా పెరుగుతుంది. కెమెరా ఫైలు పుట్టింది కార్డులో ఇమడడానికి, కోతకు కాదు. ఈ విషయం గుర్తు పెట్టుకుంటే ఇంపోర్ట్ దశలో తీసుకోవాల్సిన నిర్ణయాలన్నీ సులువుగా అర్థమవుతాయి.

మొదటి పని కాపీ. ఏవీసీహెచ్‌డీ కార్డులో ‘ప్రైవేట్’ ఫోల్డర్, దాని లోపల వరసగా మరికొన్ని ఫోల్డర్లు, చివరన ‘స్ట్రీమ్’లో ఎంటీఎస్ ఫైళ్లు ఉంటాయి. ఎంటీఎస్‌లను మాత్రమే లాగేసుకోవడం చాలామందికి అలవాటు. కానీ కార్డు మీద ఫైళ్లను అమర్చే ఫ్యాట్32 పద్ధతిలో ఒక ఫైలు 4 గిగాబైట్లు దాటకూడదు కనుక, సుదీర్ఘమైన పెళ్లితంతు రికార్డింగు ముక్కలవుతుంది. ఆ ముక్కలు ఎలా అతుక్కోవాలో చెప్పే సమాచారం పక్క ఫోల్డర్లలో ఉంటుంది. అది లేకపోతే అతుకు దగ్గర ధ్వని క్షణకాలం తెగిపోవచ్చు. కార్డును ఉన్నది ఉన్నట్టుగా మొత్తం దించుకోవడం, రెండో డిస్కులో మరో నకలు పెట్టుకున్నాకే కార్డు చెరపడం మంచి పద్ధతి.

తర్వాత ఫ్రేముల వేగం. మన దేశపు టెలివిజన్ పద్ధతి సెకనుకు 25 ఫ్రేములు. 50 హెర్ట్జ్ కరెంటు దీపాల కింద మినుకు రాకపోవడానికీ అదే అనువు. ఫోన్లు మాత్రం ఎక్కువగా 30 దగ్గర నడుస్తాయి, అదీ నికరంగా కాదు. వెలుగు తగ్గితే వేగం తగ్గించి, పెరిగితే పెంచుతాయి. ఇలాంటి ఫైలును నేరుగా టైమ్‌లైన్ మీద వేస్తే, జీలకర్ర బెల్లం దగ్గర సరిగా ఉన్న మంత్రం తలంబ్రాల వేళకు పెదవులతో కలవకుండా పోవచ్చు. ఫోన్ ఫైళ్లను ముందే స్థిరమైన వేగానికి మార్చుకోవడం మేలు.

ఇక కోడెక్ సంగతి. యంత్రంలో ఆ కోడెక్‌ను విప్పే ప్రత్యేక భాగం ఉంటే ఫైలును ఉన్నపళంగా వాడుకోవచ్చు. అయితే హెచ్.265లో 10 బిట్, 4:2:2 రకాన్ని అన్ని గ్రాఫిక్స్ కార్డులూ విప్పలేవు. ఎన్విడియా కార్డులకు ఆ శక్తి 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 శ్రేణితోనే వచ్చింది. ఇంటెల్ చిప్పుల్లో అంతకు ముందే ఉంది. ఖరీదైన కార్డు ఉన్న కంప్యూటర్ ఆగి ఆగి నడుస్తుంటే, అదే ఫైలు ఓ మామూలు ల్యాప్‌టాప్‌లో సాఫీగా ఆడడం వింతేమీ కాదు.

ఆ సౌకర్యం లేనప్పుడు ప్రతి ఫ్రేమూ పూర్తిగా ఉండే కోడెక్‌లోకి మార్చుకోవాలి. ఆపిల్ 2007లో తెచ్చిన ప్రోరెస్, ఆవిడ్ సంస్థ 2004 నాటి డీఎన్‌ఎక్స్‌హెచ్‌డీ, మన మిక్సింగ్ యూనిట్లలో బాగా వాడే ఎడియస్‌లోని హెచ్‌క్యూఎక్స్ ఈ కోవకు చెందినవి. ఫిల్ము కాలపు వెసులుబాటు తిరిగి వస్తుంది, బదులుగా డిస్కు నిండుతుంది. సెకనుకు 100 మెగాబిట్ల 4కే ఫుటేజీ గంటకు 45 గిగాబైట్లుంటే, ప్రోరెస్ 422లో అదే 220 దాకా పెరుగుతుంది. మార్చినంత మాత్రాన నురగలో పోయిన వివరం తిరిగి రాదు, కోత మాత్రమే తేలికవుతుంది.

పెళ్లి వీడియోల వంటి పెద్ద పనులకు ప్రాక్సీయే మేలు. అసలు ఫైళ్లను కదపకుండా, వాటికి చిన్న నకళ్లు తయారుచేసి కోత అంతా వాటి మీద చేస్తారు. హెచ్‌డీ ప్రోరెస్ ప్రాక్సీకి సెకనుకు 38 మెగాబిట్లు చాలు. నకలుకు అసలు ఫైలు పేరు, టైమ్‌కోడ్, ఫ్రేముల వేగం, ఆడియో చానళ్ల సంఖ్య తు.చ. తప్పకుండా ఉండాలి. అలా ఉంటేనే చివర్లో సాఫ్ట్‌వేర్ ప్రాక్సీని తీసి అసలును ఆ స్థానంలో పెట్టగలుగుతుంది. రంగులు సరిదిద్దడమూ, తుది ఫైలు రాయడమూ అసలు ఫైళ్ల మీదే జరగాలి.