కాంపెన్‌లో తిరిగిన చెక్క డ్రమ్ము

రోజుకు సుమారు 20 గ్రాముల యూరియా. 1938 ప్రాంతంలో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ ఆసుపత్రిలో విల్లెం కోల్ఫ్ అనే యువ వైద్యుడు వేసుకున్న లెక్క ఇది. ఆయన వార్డులో 22 ఏళ్ల కుర్రాడు మూత్రపిండాలు చెడిపోయి చనిపోతున్నాడు. బిడ్డ బతకడని అతని తల్లికి చెప్పాల్సి వచ్చింది కోల్ఫ్‌కే. ఒంట్లో రోజూ పేరుకునే ఆ 20 గ్రాములను ఏదో విధంగా బయటికి తీయగలిగితే కుర్రాడు బతికేవాడు కదా అన్న ఆలోచన ఆయన్ను వదల్లేదు.

తిన్న మాంసకృత్తులు ఒంట్లో విడిపోయినప్పుడు అమ్మోనియా పుడుతుంది. అది విషం. చుట్టూ నీళ్లే గనుక చాలా చేపలు దాన్ని మొప్పల గుండా అలాగే వదిలేస్తాయి. నీటిని పొదుపుగా వాడుకునే పక్షులు దాన్ని యూరిక్ ఆమ్లంగా మార్చి తెల్లటి రెట్టతో పాటు పారేస్తాయి. మన కాలేయం దాన్ని యూరియాగా మారుస్తుంది, మూత్రపిండాలు దాన్ని బయటికి పంపుతాయి. రెండు మూత్రపిండాలూ కలిసి రోజుకు దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి. అందులో మూత్రంగా పోయేది ఒకటిన్నర లీటరు, మిగతాదంతా తిరిగి రక్తంలోకే చేరుతుంది. ఇంత పని జరుగుతోందని ఆరోగ్యవంతుడికి తెలియనే తెలియదు.

రక్తాన్ని ఒంటి బయట శుభ్రం చేయవచ్చన్న ఊహ కోల్ఫ్‌తో మొదలైంది కాదు. 1913లో అమెరికాలో జాన్ ఏబెల్ బృందం జంతువుల మీద చేసి చూపింది. రక్తం గడ్డకట్టకుండా వాళ్లు వాడినది జలగల నుంచి తీసిన పదార్థం. 1924లో జర్మనీలో గేయోర్గ్ హాస్ మనిషి మీదే ప్రయత్నించాడు. అయితే అప్పటికి సరైన పొర లేదు, నమ్మదగిన మందూ లేదు. కోల్ఫ్ నాటికి రెండూ దొరికాయి. రక్తం గడ్డకట్టకుండా ఆపడానికి హెపారిన్ వచ్చింది. పొర సంగతి ఆయనకు చెప్పింది జీవరసాయన ఆచార్యుడు రాబర్ట్ బ్రింక్‌మన్. మాంసం కూరి సాసేజ్‌లు చేయడానికి వాడే సెలోఫేన్ గొట్టమే ఆ పొర. కోల్ఫ్ అందులో కొంచెం రక్తం పోసి, యూరియా కలిపి, ఉప్పునీటిలో ఉంచి ఊపాడు. అయిదు నిమిషాల్లో యూరియా దాదాపు అంతా నీటిలోకి పోయింది.

దీన్ని జల్లెడ పని అనుకుంటే సగమే అర్థమైనట్టు. గది మూలన వెలిగించిన అగరుబత్తి వాసన గదంతా పాకినట్టు, యూరియా కూడా ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటికి తనంతట తానే వెళ్తుంది. రక్తకణాలూ ప్రొటీన్లూ పెద్దవి గనుక పొర దాటలేవు. మరి సోడియం వంటి చిన్నవి కూడా పోతాయి కదా? అందుకే బయటి ద్రవంలో అవి దాదాపు రక్తంలో ఉన్నంత మోతాదులోనే ఉండేలా కలుపుతారు. తేడా లేని చోట నికరంగా పోయేదీ ఉండదు. ఈ పద్ధతిలో నాకు అన్నిటికన్నా అందంగా తోచేది ఈ ఏర్పాటే.

1940లో జర్మన్ సైన్యం నెదర్లాండ్స్‌ను ఆక్రమించింది. గ్రోనింగెన్‌లో కోల్ఫ్ పై అధికారి అయిన యూదు ఆచార్యుడు పోలాక్ డానియెల్స్ ఆత్మహత్య చేసుకున్నాడు. ఆయన స్థానంలోకి నాజీ వైద్యుణ్ణి తెచ్చారు. ఆ మనిషి కింద పనిచేయడం ఇష్టంలేక కోల్ఫ్ కాంపెన్ అనే చిన్న ఊరి ఆసుపత్రికి వెళ్లిపోయాడు. యుద్ధకాలం, లోహానికి కరువు. యంత్రం కట్టడానికి ఆ ఊరి ఎనామెల్ కర్మాగారం అధిపతి హెండ్రిక్ బెర్క్ సాయం చేశాడు. చెక్క పలకల డ్రమ్ము, దాని చుట్టూ మీటర్ల కొద్దీ సెలోఫేన్ గొట్టం, కింద ఎనామెల్ తొట్టి. డ్రమ్ము తిరుగుతుంటే గొట్టంలోని రక్తం తొట్టిలోని ద్రవంలో మునిగి లేస్తుంది. తిరిగే డ్రమ్ములోకి రక్తం కారకుండా పంపే అతుకుకు ఫోర్డ్ కారు నీటిపంపు దారి చూపింది.

1943 మార్చిలో మొదటి రోగికి వాడారు. ఆమె దక్కలేదు. ఆ తరవాత వచ్చినవాళ్లూ దాదాపు అందరూ పోయారు. అయినా కోల్ఫ్ ఆపలేదు. 1945 సెప్టెంబరులో 67 ఏళ్ల సోఫియా షాఫ్‌స్టాట్‌ను స్పృహ లేని స్థితిలో తెచ్చారు. నాజీలకు సహకరించిందని జైల్లో పెట్టిన మనిషి ఆమె. ఆమెకు వైద్యం చేయవద్దన్నవాళ్లూ ఉన్నారు. పదకొండు గంటలకు పైగా డ్రమ్ము తిరిగాక ఆమె కళ్లు తెరిచింది, ఇంకా ఏళ్ల తరబడి బతికింది. నాజీల వల్ల ఊరు వదిలిన వైద్యుడు ఆమె పక్షం తప్పొప్పులు చూడలేదు. కోల్ఫ్ తరవాత తన యంత్రాలను విదేశీ ఆసుపత్రులకు ఉచితంగా ఇచ్చేశాడు.

ఇంతటితో ఈ రక్తశుద్ధి, అంటే డయాలసిస్, సాధ్యమని తేలింది. తేలనిది రక్తాన్ని చేరే దారి. ప్రతిసారీ ధమనినీ సిరనూ కోసి గొట్టాలు పెట్టాలి. కొద్దిసార్లకే రక్తనాళాలు అయిపోయేవి. అందుకే కొద్ది రోజుల్లో మళ్లీ కోలుకునే మూత్రపిండాలున్నవాళ్లకే యంత్రం పనికొచ్చేది. 1960 మార్చిలో అమెరికాలోని సియాటిల్‌లో వైద్యుడు బెల్డింగ్ స్క్రిబ్నర్, క్లైడ్ షీల్డ్స్ అనే రోగి చేతికి టెఫ్లాన్ గొట్టాలను శాశ్వతంగా అమర్చాడు. షీల్డ్స్ మరో పదకొండేళ్లు బతికాడు. 1966లో న్యూయార్క్ వైద్యులు సిమినో, బ్రెషియా ఇంకా తేలిక దారి ప్రకటించారు. మణికట్టు దగ్గర ధమనిని సిరకు కలిపి కుడితే సిర లావెక్కి, సూదులకు ఏళ్ల తరబడి తట్టుకుంటుంది. మన డయాలసిస్ కేంద్రాల్లో ‘ఫిస్టులా వేశారా?’ అని అడిగేది దీని గురించే.

ఇలా రక్తాన్ని చేరడానికి రెండు దారులు దొరికాయి. మిగిలిన మూడో దారి, రోగి యంత్రాన్ని చేరే దారి. సియాటిల్‌లో యంత్రాలు తక్కువ, రోగులు ఎక్కువ. ఎవరికి ఇవ్వాలో తేల్చడానికి 1962 నాటికి సామాన్య పౌరులతో కమిటీ వేశారు. రోగి ఉద్యోగం, సంసారం, సమాజంలో అతని విలువ చూసి వాళ్లు నిర్ణయించేవారు. 1972లో అమెరికా చట్టం తెచ్చి డయాలసిస్ ఖర్చును ప్రభుత్వం మీద వేసుకుంది.

మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఆ మూడో దారి ఇంకా పూర్తికాలేదు. కొబ్బరి, జీడితోటల ఆ ప్రాంతంలో ఇంత మందికి కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో శాస్త్రజ్ఞులు ఏకాభిప్రాయానికి రాలేదు. ప్రభుత్వ ఆరోగ్య పథకంలో డయాలసిస్ ఉంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రినీ కిడ్నీ పరిశోధన కేంద్రాన్నీ, ఊళ్లకు తాగునీటి పథకాన్నీ ప్రారంభించారు. ఇవి అవసరమైన పనులే. కానీ వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు యంత్రానికి ఒళ్లప్పగించే మనిషికి అది ఏడాదికి 156 సార్లు. యంత్రం దూరంగా ఉంటే కూలి చేసుకునేవాడికి అది 156 రోజుల కూలి పోవడం, తోడు వచ్చే మనిషికీ అంతే. పడకల సంఖ్యతో పాటు, ఆ యంత్రం ఇంటి నుంచి ఎంత దూరంలో ఉందో కూడా ప్రభుత్వాలు లెక్కపెట్టాలి.