గాయానికి రేడియేషన్ తోడైతే...

కడప నేలలో యురేనియం ఉంది, రేడియేషన్‌ను ఆపే రాయీ ఉంది. ఆ రెంటి నుంచి మన ఒంట్లోని కణాల దాకా కొన్ని విశేషాలు.

● కడప జిల్లా వేముల మండలం తుమ్మలపల్లెలో 2012 నుంచి యురేనియం తవ్వుతున్నారు. యురేనియం వదిలే ఆల్ఫా కణాలు చర్మం పైపొరను కూడా దాటలేవు. అదే చర్మం తెగి ఉంటే? యురేనియం దుమ్ము నేరుగా రక్తంలో కలిసే ప్రమాదం ఉంది. ముందుగా దెబ్బతినేది కిడ్నీలు. అందుకే మానని పుండుతో ఇలాంటి చోట పనిలోకి దిగకూడదు. పనిలో చర్మం తెగితే వెంటనే ధారగా నీళ్లు పోసి కడగాలి.

● ఉమ్మడి కడప జిల్లా మంగంపేట ముగ్గురాయికి ప్రపంచంలోనే పేరు. ఎక్కువ భాగం చమురు బావుల తవ్వకానికి పోతుంది. బరువైన రాయి కాబట్టి ఎక్స్‌రే గదుల గోడల పూతలోనూ వాడతారు. కిరణాలు బయటికి రాకుండా అడ్డుకుంటుంది.

● ఏ కణాలు ఎంత చురుగ్గా విభజన చెందితే రేడియేషన్ వాటిని అంత త్వరగా దెబ్బతీస్తుందని 1906లోనే బెర్గోనీ, ట్రిబోండో అనే ఫ్రెంచి శాస్త్రవేత్తలు చెప్పారు. చిక్కంతా అక్కడే. గాయం మానాలన్నా కణాలు చురుగ్గా విభజన చెందాల్సిందే!

● రక్తంలో తిరిగే కణాలు చేలో ఉన్న పంట అయితే, ఎముక మజ్జ ఇంట్లో దాచిన విత్తనం. గాయమైతే ఉన్న పంట ఖర్చవుతుంది. రేడియేషన్ విత్తనాన్నే కాల్చేస్తుంది. రెండూ ఒకేసారి జరిగితే ఇక మళ్లీ వేసుకోవడానికి ఏమీ మిగలదు.

● ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లది పది రోజుల లోపే. లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాల సంఖ్య మాత్రం ఎక్కువ రేడియేషన్ తగిలిన రెండు రోజుల్లోనే పడిపోతుంది. ఒంటికి ఎంత రేడియేషన్ తగిలిందో తొలి రోజుల్లో అంచనా కట్టడానికి డాక్టర్లు ఈ కణాల లెక్క కూడా చూస్తారు.

● పేగు లోపలి పొర కొన్ని రోజులకోసారి కొత్తదవుతుంది. ఎక్కువ రేడియేషన్ తగిలితే ఆ పని ఆగి, పేగుల్లోని సూక్ష్మజీవులు రక్తంలోకి చొరబడతాయి. పైన పుండు, లోపల పేగు... ఇన్ఫెక్షన్‌కు రెండు దారులు!

● 1950లలో అమెరికాలో కుక్కలపై పరీక్షలు చేశారు. దానంతట అది ప్రాణం తీయనంత రేడియేషన్‌ను కాలిన గాయాలకు జోడిస్తే, చావులు ఎన్నో రెట్లు పెరిగాయి. ఒకటీ ఒకటీ కలిస్తే రెండు కాలేదన్నమాట.

● 1986 చెర్నోబిల్ ప్రమాదంలో 134 మందికి తీవ్ర రేడియేషన్ జబ్బు వచ్చింది. కొద్ది నెలల్లోనే 28 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది ప్రాణం మీదికి తెచ్చింది చర్మం కాలిన గాయాలే.

● గాయం, రేడియేషన్ రెండూ తగిలిన రోగులకు ఆపరేషన్ అవసరమైతే మొదటి 36 నుంచి 48 గంటల్లోనే ముగించాలంటారు సర్జన్లు. ఆ గడువు దాటితే మజ్జ కోలుకునేదాకా వారాలు, ఒక్కోసారి నెలలు ఆగాలి.

● చురుగ్గా విభజన చెందే కణాలను దెబ్బతీసే రేడియేషన్ గుణమే ఒక్కోసారి మేలూ చేస్తుంది. కొందరికి గాయం మానాక మచ్చ ఉబ్బి పెరుగుతూనే ఉంటుంది. దాన్నే కీలాయిడ్ అంటారు. దాన్ని కోసి తీసేశాక త్వరలోనే కొద్దిపాటి రేడియేషన్ ఇస్తే, అతిగా పెరిగే కణాలకు కళ్లెం పడుతుంది.

● బాంబులు, రియాక్టర్లు మనకు దూరం కావచ్చు. నోటి క్యాన్సర్‌కు ‘కరెంటు పెట్టించుకున్న’ (రేడియేషన్ వైద్యం చేయించుకున్న) వాళ్లు మాత్రం కర్నూలు, కడప పల్లెల్లోనూ ఉన్నారు. కిరణాలు తగిలిన దవడలో రక్తనాళాలు సన్నబడతాయి. ఆ తర్వాత పన్ను పీకిస్తే పుండు మానక, ఎముకే చచ్చిపోయే ప్రమాదం ఉంది. ఏళ్లు గడిచినా ఆ ముప్పు పోదు. అందుకే పాడైన పళ్లను కరెంటు మొదలుకాక ముందే, పుండు మానడానికి కనీసం రెండు వారాలు ఉండేలా తీసేస్తారు.

మీ ఇంట్లో ఎవరికైనా ఈ వైద్యం జరిగి ఉంటే ఆ కాగితాలు భద్రంగా దాచండి. పన్ను పీకించుకోవడానికి వెళ్లినా, ఆపరేషన్‌కు వెళ్లినా ముందుగా డాక్టరుకు చూపించండి.