తల్లి పొలమునకు పోయినవేళ బిడ్డకు విరేచనములైనచో



నాట్లకాలము వచ్చినదన్న మన పల్లెలలో ఇంటింట ఒకే తీరున తెల్లవారును. కోడికూతతోనే తల్లి లేచి, వాకిలి చిమ్మి, పొయ్యి రాజేసి, ఇంటివారికి వండిపెట్టి, చంటిబిడ్డకు కడుపునిండ పాలిచ్చి, సద్దిమూటతో పొలమునకు పోవును. ప్రొద్దువాలినగాని తిరిగిరాదు. ఆ నడుమ బిడ్డ యెవరి ఒడిలో నుండును? తాతయొడిలో, నాయనమ్మయొడిలో, కొన్ని యిండ్లలో అమ్మమ్మయొడిలో. పిల్లల పెంపకమునుగూర్చి వ్రాయువారందరును తల్లినే ఉద్దేశించి వ్రాయుదురు. చదువుటకు ఆమెకు తీరిక యెక్కడిది? పల్లెటూళ్లలో పిల్లల వైద్యము చేయుచు చాల ఏండ్లు గడపినదానను గనుక, తల్లులకు చెప్పవలసిన మాటలు కొన్ని నేడు మీకే చెప్పదలచితిని.

అందులో ముఖ్యమైనది విరేచనముల మాట. వానలు పడినతోడనే ఈగలు ముసరును. బావులలోనికిని, పగిలిన గొట్టములలోనికిని మురుగు దిగును. చంటిపిల్లలకు నీళ్లవిరేచనములు పట్టుకొనును. ప్రొద్దున పదిగంటలకు బిడ్డకు మొదలైనదనుకొనుడు. కబురంది, తల్లి మడిలోనుండి గట్టెక్కి, యిల్లు చేరునప్పటికి మధ్యాహ్నము దాటును. ఆలోపల బిడ్డ యేమగుననునది మీరు చేసినదానినిబట్టియు, చేయక విడిచినదానినిబట్టియు నుండును.

లంఖణము పరమౌషధమను మాట మనకు నాలుకచివరనే యుండును. పెండ్లివిందులో మితిమీరి తిన్నవానికి అది చెల్లునేమో, పాలుత్రాగు బిడ్డకు చెల్లదు. "పోసినకొలది పోవుచునే యున్నది, కాసేపు ఏమియు ఈయకుడి" యని పెద్దలు చెప్పగా, నోరెండుచున్న పసివానికి చుక్కనీరైన ఈయని యిండ్లను నేను పెక్కు చూచితిని. వారు ప్రేమలేనివారు కారు. బిడ్డను కాపాడవలెననియే అట్లు చేసిరి. కాని నీళ్లవిరేచనములలో బిడ్డలు చనిపోవుట పండ్లు మొలచుటచేతను కాదు, దిష్టిచేతను కాదు. చాలవరకు ఒంటిలోని నీరును ఉప్పును బయటికి పోవుటచేతనే.

ఏడాదిబిడ్డ ఒంటిబరువులో నూటికి రమారమి 60 పాళ్లు నీరే. ఎనిమిది కిలోల బిడ్డకు 800 మిల్లీలీటర్లు పోయెనా, ప్రాణముమీదికి వచ్చినట్లే. 800 మిల్లీలీటర్లనగా మనము త్రాగు గ్లాసులతో నాలుగు. పెద్దవాడు అంతనీటిని చెమటగా పోగొట్టుకొని, చెట్టునీడను కూర్చుండి, మజ్జిగ త్రాగి మరల నాగలి పట్టును. బిడ్డకు ఆ నాలుగు గ్లాసులే ఆయువు.

త్రాగించిన నీరు కడుపులో నిలుచునా యని మీరడుగవచ్చును. ఉత్తనీరు అంతగా నిలువదు. ఉప్పును చక్కెరయు తగుపాళ్లలో కలిసిన నీరు నిలుచును. విరేచనములు పట్టినప్పుడు ప్రేగు ఉప్పును ఒంటరిగా సరిగా పీల్చుకొనజాలదు. చక్కెర తోడైనచో రెండింటిని కలిపి లోనికి గైకొను దారి మాత్రము చెడక యుండును. అవి కాడికి కట్టిన జతయెడ్లవంటివి. అవి లోనికి నడచిన, వాటివెంట నీరను బండియు నడచును. ఒక యెద్దును విప్పిన బండి కదలదు. చక్కెర మితిమీరెనా, అది ఒంటిలోని నీటినే ప్రేగులోనికి లాగి విరేచనములను హెచ్చించును. అందుచేతనే సీసాలలో అమ్ము తియ్యని రంగునీళ్లును, డబ్బాలలోని పండ్లరసములును, చక్కెర దట్టించిన టీయును ఈ జబ్బులో బిడ్డకు కీడుచేయును.

ఈ నీటి సంగతి మొదట ఆసుపత్రులలో తేలినదే యైనను, దాని సత్తువను లోకమునకు చూపినది ఒక శరణార్థుల శిబిరము. 1971లో తూర్పుబెంగాలునుండి లక్షలకొలది జనులు మనదేశమునకు తరలివచ్చిరి. సరిహద్దుదగ్గరనున్న బన్‌గావ్ శిబిరమున కలరా చెలరేగెను. నరములలోనికి ఎక్కించు సెలైను నిలువలు తరిగిపోయెను. అచ్చట పనిచేయుచున్న దిలీప్ మహలనబీస్ అను వైద్యుడు, లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల వంటసోడా చొప్పున కలిపించి, పీపాలలో నింపించి, రోగుల బంధువులచేతనే త్రాగించెను. అంతకుముందు నూటికి ముప్పదిమందివరకు పోవుచుండగా, చావులు నూటికి నలుగురికంటె తక్కువకు దిగెను. ఆయన 2022లో మరణించెను. 2023లో ప్రభుత్వము ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించెను. అదటుండనిండు. ఆ నీటిని గిన్నెలతో పట్టినవారిలో ఎక్కువమంది చదువుకొన్న వైద్యులు కారు, రోగి ప్రక్కన కూర్చున్న సొంతమనుష్యులు. నేను మీతో ఈ మాటలాడుటకు ధైర్యము నాకు అచ్చటినుండియే వచ్చినది.

ఇక మీ చేతిపని. అటువంటి కలయికనే ఇప్పుడు పొడిగాచేసి ఓ.ఆర్.యస్. పొట్లములుగా ఇచ్చుచున్నారు. మీ యూరి ఆశ కార్యకర్తనడిగి రెండు పొట్లములు ముందుగానే తెచ్చి, ఉప్పుడబ్బా ప్రక్కన పెట్టుకొనుడు. పొట్లముమీద ఎంతనీటికి కలపవలెనో వ్రాసియుండును; పెద్ద పొట్లము ఒక లీటరునకు, చిన్నది 200 మిల్లీలీటర్లకు. చెంబును నమ్మకుడు, చెంబులన్నియు ఒకటిగా ఉండవు. అంగడిలో నీళ్లమ్ము లీటరుసీసాను కడిగి కొలతకు ఉంచుకొనుడు. కాచి చల్లార్చిన నీటిలో పొట్లమంతయు ఒక్కమారే కలుపవలెను. సగముపొడి, సగమునీరు అను లెక్క తప్పులకు దారితీయును. మూతపెట్టి, 24 గంటలు దాటినచో పారబోసి క్రొత్తది కలుపుకొనవలెను. పొట్లము లేనినాడు లీటరు నీటికి తలకొట్టిన చిన్నచెంచాలు ఆరు చక్కెర, అర చెంచా ఉప్పు. బిడ్డనోట పెట్టుటకు ముందు మీరు రుచిచూడుడు. కన్నీటికంటె ఉప్పగా ఉన్నచో పారబోయుడు. కొన్ని తియ్యని పానీయములు డబ్బాపై ఓ.ఆర్.యస్. అని వ్రాసికొని చాలకాలము అమ్ముడుపోయినవి. హైదరాబాదునందలి యొక శిశువైద్యురాలు ఏండ్లతరబడి పోరాడగా, 2025 అక్టోబరులో ఆహారభద్రతా ప్రమాణముల సంస్థ ఆ పేరు వాడరాదని ఆజ్ఞాపించెను. మనకు కావలసినది పొడి పొట్లము.

ఎంత త్రాగించవలెను? రెండేండ్లలోపు బిడ్డకు ఒక్కొక్క విరేచనము తరువాత 50 మొదలు 100 మిల్లీలీటర్లు, అనగా పావుగ్లాసునుండి అరగ్లాసు. రెండేండ్లు దాటినవారికి అంతకు రెండింతలు. ఒక్క గ్రుక్కలో పోసిన కక్కును. మన పూర్వుల ఉగ్గుగిన్నె ఇంటనున్నచో ఇంతకంటె మంచి పనిముట్టు లేదు. లేనిచో గిన్నెయు చెంచాయు. కక్కినచో పదినిమిషములాగి, రెండు మూడు నిమిషములకొక చెంచా చొప్పున మరల మొదలుపెట్టవలెను. అచ్చటనే పెక్కుమంది విసిగి మానుకొందురు. ఒక యూరిలో నేను చూచిన తాతగారు విరేచనమైనప్పుడెల్ల ఒక చింతగింజను కుడిప్రక్కను, గిన్నెడునీరు పట్టినప్పుడెల్ల ఒక గింజను ఎడమప్రక్కను పెట్టుచు, సాయంకాలమువరకు అరుగుమీదనుండి లేవలేదు. కోడలు రాగానే ఆ గింజలనే చూపి లెక్క అప్పగించెను. వైద్యుడడుగు మొదటి ప్రశ్నయు అదేకదా!

బిడ్డ చనుబాలు మాత్రమే త్రాగు ఆరునెలలలోపువాడైనను విరేచనములలో ఈ నీరు ఈయవచ్చును. చనుబాలు మాత్రము మానరాదు. తల్లి పొలమునకు పోవుటకుముందు, చేతులు సబ్బుతో కడుగుకొని, పాలు పిండి మూతగల శుభ్రమైన గిన్నెలో ఉంచిపోవచ్చును. నీడపట్టున నాలుగు గంటలవరకు అవి పనికివచ్చును, చెంచాతో పట్టవలెను. పాలసీసా వలదు. దాని రబ్బరుపీక మూలలలో చేరిన మురికిని పనిలోనున్న తల్లి కడుగలేదు, చూపుతగ్గిన మనము చూడలేము.

ఎప్పుడు ఇంటివైద్యము చాలదు? బిడ్డ కండ్లు లోతుకుపోయి, మాడు దిగినట్లుండి, ఏడ్చినను కన్నీరు రాకున్నను; పొట్టమీది చర్మమును రెండువ్రేళ్ల నడుమ పట్టివిడిచిన వెంటనే సర్దుకొనక మడతగా నిలిచినను; మూత్రము చాలసేపు లేకున్నను; మత్తుగా పడియుండి త్రాగలేకున్నను; విరేచనములో నెత్తురున్నను, ఆగక కక్కుచున్నను ఆలస్యము చేయక 108కి ఫోనుచేయుడు. కొడుకు రావలెనని కూర్చుండవలదు. త్రాగగలిగినంతవరకు దారిలోను చెంచాతో ఆ నీరు పట్టుచునే యుండుడు. విరేచనములను కట్టించు మాత్రలు పెద్దలకు తెచ్చినవి ఇంటనుండును. వాటిని పసిపిల్లలకు ఎన్నడు వేయరాదు.

పెద్దవారు గనుక మీతో ఇంకొకమాట చనువుగా అనుచున్నాను. బిడ్డకు జబ్బుచేసినప్పుడు "దీనికి కూలిపనియే ముద్దు, బిడ్డ అక్కరలేదు" అని కోడలిని ఎత్తిపొడుచుట చాల యిండ్లలో విన్నాను. ఆ కూలిడబ్బుతోనే ఆ రాత్రి బియ్యము వచ్చును. ఆమె భయపడి జబ్బు దాచుట మొదలుపెట్టిన, నష్టము బిడ్డకే. ఆమె చేయలేనిది మీరు చేయగలరు: బిడ్డకు కడిగినతరువాతను, తినిపించుటకు ముందును మీ చేతులు సబ్బుతో కడుగుకొనుట, ఆరు, పది, పదునాలుగు వారములకు అంగనవాడికో ఉపకేంద్రమునకో బిడ్డను ఎత్తుకొనిపోయి టీకాలు వేయించుట. వానిలో నోటిలో వేయు రోటావైరస్ మందు 2016లో ఆంధ్రప్రదేశమునను, 2019లో తెలంగాణమునను ఉచితముగా మొదలైనది. పసిపిల్లల తీవ్రమైన విరేచనములకు ముఖ్యకారణములలో ఒకదానికి అది అడ్డుకట్ట.

విరేచనములు తగ్గినంతమాత్రమున పని ముగియలేదు. పొట్లముతోపాటు ఆశ కార్యకర్త జింకు మాత్రలు ఇచ్చును. రెండునెలలు దాటి ఆరునెలలు నిండని బిడ్డకు దినమునకు అరమాత్ర, ఆరునెలలు దాటినవారికి 20 మిల్లీగ్రాముల మాత్ర యొకటి, చెంచా చనుబాలలోనో కాచిన నీటిలోనో కరగించి 14 దినములు వేయవలెను. మూడవనాడు బిడ్డ ఆడుకొనుట చూచి మాత్రలు గూటిలో మరచుట అందరింటను జరుగునదే. గోడమీది పంచాంగములో దినమునకొక గీత గీయుడు. ఆరునెలలు దాటి అన్నము మరగిన బిడ్డకు జబ్బుదినములలోను మెత్తనియన్నము, పెసరపప్పుకట్టు, పెరుగు మానక కొద్దికొద్దిగా పెట్టుడు; తగ్గినపిమ్మట రెండువారములు దినమునకొక పూట అదనముగా పెట్టినచో పోయిన బరువు తిరిగివచ్చును.